పనిలేని దినములకు బీమా

నెలజీతము మీదనో, వారపు కూలి మీదనో నడచు సంసారమున పని పోయిన తరువాతి దినములు ఎట్లు గడచునో ఎరుగనివారు అరుదు. మొదటి వారమున ఇంటి పెద్ద తెలిసినవారి గుమ్మములన్నియు ఎక్కి దిగును. రెండవ వారమున పచారి కొట్టులో ఖాతా పెరుగును. మూడవ వారమున ఇల్లాలి గాజులు తాకట్టునకు పోవును. నెల తిరుగునప్పటికి ఇంటి అద్దెయు, పిల్లల బడి జీతమును ఎదురుగా వచ్చి నిలుచును. అప్పుడు ఏ పని దొరకిన ఆ పనికి, ఎంత ఇచ్చిన అంతకు ఒప్పుకొనక తప్పదు. ఇరువది ఏండ్లు లేతు యంత్రము మీద చేయి తిరిగినవాడు మూటలు మోయుటకు దిగును. ఆ నష్టము అతనిది మాత్రమే కాదు. అతని చేతి నేర్పు దేశమునకు కూడ పోయినట్లే.

ఇట్టి సమయమున ఆ కుటుంబమునకు కొంతకాలము కొంత సొమ్ము హక్కుగా అందజేయు ఏర్పాటునకు నిరుద్యోగ బీమా అని పేరు. ఈ మాట వినగానే మన పెద్దలు ఒక సామెత చెప్పుదురు: కూర్చుండి తిన్న కొండలైనను తరుగును. పని లేనివానికి సొమ్మిచ్చినచో అతడు పని వెదకునా? ఇచ్చు సొమ్ము ఎక్కడనుండి వచ్చును? ఎంతకాలము వచ్చును? ఈ ప్రశ్నలు తోసివేయదగినవి కావు. వీనికి సమాధానము నూరేండ్లకు పైబడిన అనుభవమునందు, ముఖ్యముగా బ్రిటను దేశపు అనుభవమునందు, దొరకుచున్నది. ఆ కథ వెంట నడచుచు, ఈ బీమా ఏమి చేయగలదో, దానిచే ఏమి చేయింపరాదో చెప్పుటయే మా ఉద్దేశము.

ముందుగా లెక్క చూతము. ఒక ఊర 1,000 మంది కార్మికులు గలరనియు, ఒక్కొక్కరి జీతము నెలకు 20,000 రూపాయలనియు అనుకొందము. సంవత్సరమున 40 మందికి పని పోయి, ఒక్కొక్కరు సగటున మూడు నెలలు ఖాళీగా ఉందురనుకొందము. వారికి జీతములో సగము, అనగా నెలకు 10,000 రూపాయలు భృతిగా ఇచ్చినచో మొత్తము వ్యయము 12 లక్షలగును. వేయిమంది సంవత్సరపు జీతము 24 కోట్లు. అనగా నూరు రూపాయల జీతమునకు ఇంచుమించు అర్ధరూపాయి ప్రక్కకు తీసినచో చాలును. ఆ అర్ధరూపాయి ఏ ఇంటికిని పెద్ద బరువు కాదు. కాని పని పోయిన ఇంటికి అది మూడు నెలల భోజనము.

ఈ లెక్కకు రెండవ ముఖము కూడ గలదు. ఆ వేయిమందియు ఒక్క మిల్లులోనే పని చేయుచున్నారనియు, గిరాకి పడిపోయి 400 మంది సంవత్సరమంతయు ఖాళీగా ఉన్నారనియు అనుకొందము. భృతికి 4 కోట్ల 80 లక్షలు కావలెను. పనిలో మిగిలిన 600 మంది జీతము 14 కోట్ల 40 లక్షలు మాత్రమే. అనగా నూటికి 33 రూపాయలకు పైగా చందా తీయవలెను. ఇది ఎవరి తరమును కాదు. అగ్నిప్రమాదము ఒక వీధిలో ఒక ఇంటిని కాల్చును. వ్యాపార మాంద్యము ఊరినంతయు ఒక్కసారి పట్టును. కావున నిరుద్యోగ బీమాకు ఒక మిల్లు చాలదు, ఒక ఊరు చాలదు. పలు వృత్తులును, పలు ప్రాంతములును, మంచి సంవత్సరములును, చెడ్డ సంవత్సరములును కలసిన పెద్ద నిధి కావలెను.

ఈ పాఠమును యూరపు నగరములు కష్టపడి నేర్చుకొన్నవి. స్విట్జర్లండులోని బెర్న్ నగరము 1893లో ఇష్టమున్నవారు చేరదగిన నిధి నొకదానిని స్థాపించినది. దానిలో చేరినవారు ముఖ్యముగా చలికాలమున పని ఆగిపోవు కట్టుబడి కూలీలు. ఏడాది పొడుగునను పని గలవారికి చేరవలసిన అవసరము కనబడలేదు. పని పోవునని తెలిసినవారే చేరిన నిధి నిలుచుట కష్టము. ఆ దేశముననే సెయింట్ గాలెన్ నగరము 1895లో నిర్బంధ బీమాను ప్రవేశపెట్టినది. స్థిరమైన పని గలవారు తమ చందా ఇతరుల పాలగుచున్నదని మొరపెట్టిరి. రెండేండ్లలో, అనగా 1897లో, ఆ పథకము మూతపడినది. తరువాత 1901లో బెల్జియమునందలి ఘెంట్ నగరము మూడవ దారి త్రొక్కినది: కార్మిక సంఘములు తమ సభ్యులకు ఇచ్చు భృతికి నగరము మరికొంత సొమ్ము కలుపును. ఎవరు నిజముగా పని వెదకుచున్నారో సంఘములోని తోటి పనివారికి తెలియును గనుక మోసము తక్కువ. ఈ పద్ధతికి వారసులైన నిధులు డెన్మార్కు, స్వీడను, ఫిన్లండు దేశములలో నేటికిని ఉన్నవి.

దేశమంతటికి చెందిన చట్టముగా నిర్బంధ నిరుద్యోగ బీమాను మొదట నెలకొల్పినది బ్రిటను. ఆ పనిలో ముఖ్యుడైన విలియం బెవరిడ్జ్ 1879లో నాటి బెంగాలులోని రంగపూరున జన్మించినవాడు. తండ్రి ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగి. నిరుద్యోగము పనివాని సోమరితనము వలన కలుగు వ్యాధి కాదనియు, పరిశ్రమ నడచు తీరులోనే దాని మూలము గలదనియు 1909లో వెలువడిన గ్రంథమున ఆయన వాదించెను. ఆ సంవత్సరమే చేసిన చట్టము ననుసరించి 1910 ఫిబ్రవరిలో ఆ దేశమున ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలు తెరువబడినవి. బీమా చట్టము 1911లో వచ్చినది. ఈ వరుస గమనింపదగినది. ముందు పని చూపు కార్యాలయము, తరువాత భృతి. పని వెదకుచున్నాడా లేదా అని తెలిసికొనుటకు అతనికి పని చూపుటకంటె మంచి పరీక్ష లేదు.

1911 నాటి చట్టపు నిబంధనలను ఒక్కొక్కటిగా చూచినచో, ఆ ఏర్పాటులోని ఆలోచన తేటపడును. కట్టుబడి, ఓడల నిర్మాణము, యంత్ర నిర్మాణము మొదలగు కొన్ని వృత్తులలోని ఇంచుమించు 22 లక్షల 50 వేల మందికి మాత్రమే అది వర్తించినది. ఇవి పని ఎగుడుదిగుడుగా ఉండు వృత్తులు. కాని ఆ ఎగుడుదిగుడులు లెక్కకు అందునట్టివి. వారమునకు కార్మికుడు రెండున్నర పెన్నీలు, యజమాని రెండున్నర పెన్నీలు చెల్లింతురు. ఆ రెంటి మొత్తములో మూడవ వంతును ప్రభుత్వము కలుపును. భృతి వారమునకు 7 షిల్లింగులు. అది కూలిలో కొంత భాగమే. అంతటితో సుఖముగా బ్రతుకుట సాధ్యము కాదు, పస్తులుండకుండ నిలువవచ్చును. పని పోయిన మొదటి వారమునకు భృతి లేదు. ఏలయన నాలుగు దినముల ఖాళీని ఏ ఇల్లయినను ఓర్చుకొనగలదు, అట్టి చిన్న చిన్న చెల్లింపులతో నిధి తరిగిపోవును. ఐదు వారముల చందాకు ఒక వారపు భృతి; సంవత్సరమునకు 15 వారములు మించరాదు. తనంతట తాను పని మానినవానికిని, దుష్ప్రవర్తన వలన తొలగింపబడినవానికిని ఆరు వారములు భృతి లేదు. సమ్మె జరుగుచున్నచోట ఖాళీ అయిన పనిని అంగీకరింపలేదని మాత్రము ఎవరికిని భృతి ఆపరాదు. చందాలు 1912 జూలైలో మొదలై, భృతి చెల్లింపులు 1913 జనవరిలో ప్రారంభమైనవి.

ఇందులోని సూత్రములు నాలుగు: నష్టములో కొంత భాగము కుటుంబము మీద ఉండవలెను, చందాకును హక్కునకును సంబంధము ఉండవలెను, గడువు ఉండవలెను, పని చూపు కార్యాలయము తోడుండవలెను. ఈ నాలుగును చెక్కుచెదరకుండ ఉన్నంతకాలము ఆ బీమా చక్కగా నడచినది. మొదటి మహాయుద్ధము వచ్చి అందరికిని పని దొరకుటచే నిధియు పెరిగినది.

కష్టము తరువాత వచ్చినది. 1920లో ఈ బీమాను, వ్యవసాయమును ఇంటి పనిని మినహాయించి, కోటి పైచిలుకు కార్మికులకు విస్తరింపజేసిరి. ఆ వెంటనే మాంద్యము వచ్చి 1921 మధ్యకు పని లేనివారు 20 లక్షలు దాటిరి. 15 వారములు, 26 వారములు గడచినను బొగ్గు గనుల జిల్లాలలోను, ఓడల రేవులలోను పని తిరిగి రాలేదు. హక్కు తీరిపోయిన లక్షలాది కుటుంబములను ఏమి చేయవలెను? ప్రభుత్వము సులభమైన దారి పట్టినది. చందాలతో సంబంధము లేని అదనపు భృతిని, ఆ నిధినుండియే, అప్పుచేసి ఇప్పించినది. ఒకమారు కొద్దికాలమునకని చేసిన ఏర్పాటు మరల మరల పొడిగింపబడినది. నిజముగా పని వెదకుచున్నట్లు నిరూపించుకొనవలెనని ఒక పరీక్ష పెట్టిరి. పని లేని ఊర పని వెదకుచున్నట్లు నిరూపించుకొనుటకు మనుష్యులు రోజంతయు ఒక గేటునుండి మరియొక గేటునకు తిరుగవలసి వచ్చినది. ఆ పరీక్ష 1930లో రద్దయినది.

1931 నాటికి నిధి అప్పు 10 కోట్ల పౌండ్లు మించినది. ఆ ఆగస్టు మాసమున భృతిని నూటికి పది వంతున తగ్గించుట అను ప్రశ్నపై మంత్రివర్గము చీలిపోయి లేబరు ప్రభుత్వము కూలినది. తరువాత వచ్చిన ప్రభుత్వము పురుషుల భృతిని 17 షిల్లింగులనుండి 15 షిల్లింగుల 3 పెన్నీలకు తగ్గించినది. హక్కు తీరిపోయినవారికి కుటుంబ ఆదాయ పరీక్ష పెట్టినది. కుమారుడు సంపాదించుచున్నచో తండ్రి భృతి తగ్గును. కుమార్తె దుకాణములో చేరినచో తల్లిదండ్రులకు వచ్చునది తగ్గును. తమ జీతము వలన తండ్రి నోటి కూడు పోవుచున్నదని కొందరు బిడ్డలు ఇల్లు విడిచి వేరుగా కాపురముండిరి. ఇరువది ఏండ్ల క్రిందట హక్కుగా పుట్టిన భృతి ఇంటిలో కలహమునకు కారణమయ్యెను. జర్మనీలో కూడ ఇట్టిదే జరిగినది. అక్కడ బీమా చట్టము 1927లో వచ్చినది. చందా పెంచుటను గూర్చిన వివాదముపై 1930 మార్చిలో సంకీర్ణ ప్రభుత్వము పడిపోయినది.

ఇప్పుడు మన పెద్దల ప్రశ్నకు వత్తము. బ్రిటనులో అంతమందికి పని లేకపోవుటకు భృతియే కారణమా? కారణమనియే 1979లో బెంజమిన్, కోచిన్ అను ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు వాదించిరి. దానిపై పెద్ద చర్చ జరిగినది. ఆ చర్చలో మాకు బలముగా తోచిన సమాధానము సులభమైనది. భృతి రేట్లు దేశమంతటను ఒక్కటే. కాని నిరుద్యోగము ఒక్కటి కాదు. లండను పరిసరములలో అది స్వల్పము. వేల్సు దక్షిణ భాగమునను, ఈశాన్య ఇంగ్లండునను అత్యధికము. అట్టి ఊళ్లలో జారో ఒకటి. అచ్చటి ఓడల కర్మాగారము మూతపడిన పిమ్మట ఆ ఊరికి వేరు ఆధారము లేకపోయెను. 1936 అక్టోబరులో ఇంచుమించు 200 మంది అచ్చటనుండి లండనుకు కాలినడకన బయలుదేరిరి. వారు అడిగినది పని. భృతి మనుష్యులను సోమరులను చేయునదైనచో లండనులోను అంతగానే చేయవలసి యుండెను. జారో పట్టణమున లేకపోయినది ఓడలు కొనువాడు.

అట్లని భృతికి ఏ ప్రభావమును లేదనుట కూడ నిజము కాదు. భృతి ఎక్కువైన కొలదియు, గడువు పొడుగైన కొలదియు మనుష్యులు సగటున కొంత ఎక్కువ కాలము ఖాళీగా ఉందురని అనేక దేశముల పరిశీలనలు తెలుపుచున్నవి. దానికి కారణమేమి అన్నదే అసలు విషయము. ఢిల్లీలో పుట్టి అమెరికాలో ఆచార్యుడైన రాజ్ చెట్టి 2008లో ప్రకటించిన వ్యాసమున ఆ ఎక్కువ కాలమును రెండుగా విభజించి చూపెను. చేతిలో కొంత సొమ్ము నిలువ ఉన్న కుటుంబములలో భృతి వలన వెదకు కాలము పెద్దగా మారలేదు. నిలువ లేని కుటుంబములలోనే అది పెరిగినది. ఆయన లెక్కలో ఆ పెరుగుదలలో నూటికి ఇంచుమించు 60 వంతులు రొక్కము లేక పడు తొందర తగ్గుట వలన కలిగినది. అనగా ఆ కాలములో అధికభాగము సోమరితనము కాదు. ఆకలి తరుముటచే దొరకిన మొదటి పనికి లొంగవలసిన అగత్యము తప్పుట. మేము మొదట చెప్పిన లేతు పనివాడు మూటలు మోయుటకు దిగక మరి ఆరు వారములు తన పనినే వెదకినచో, ఆ ఆరు వారములు దండుగ కాదు. మిగిలిన 40 వంతులు మాత్రము నిజముగా జాగ్రత్తపడవలసిన భాగము. భృతి పూర్తి జీతము కాకూడదని, దానికి గడువు ఉండవలెనని చెప్పుట అందుకే.

భృతి ఫలితము దానిని పుచ్చుకొన్న ఇంటితో ఆగదు. ఊరి చెరువు వానలలో నిండి ఎండలలో తూము ద్వారా పొలములకు నీరిచ్చును గదా. ఈ నిధియు అట్టిదే. మంచి సంవత్సరములలో చందాలు వచ్చి నిండును. చెడ్డ సంవత్సరములలో భృతి రూపమున ఊరిలోనికి పారును. పని పోయిన ఇల్లు భృతితో పచారి కొట్టు బాకీ తీర్చును. కొట్టువాడు టోకు వర్తకునికి చెల్లించును. ఆ వర్తకుడు తన గుమాస్తాను ఉంచుకొనును. ఒక మిల్లు మూతపడినందున పది కొట్టులు మూతపడకుండ ఇట్లు ఆగును. దీనికి శాసనసభ సమావేశము కానక్కరలేదు, కొత్త ఉత్తరువు వెలువడనక్కరలేదు. పని పోయిన దినమునుండి దానంతట అదియే జరుగును. ఈ గుణము వలననే అర్థశాస్త్రజ్ఞులు దీనిని మాంద్యమునకు విరుగుడుగా లెక్కింతురు. 1931లో బ్రిటను చేసిన పని, ఎండ ముదిరిన వేళ తూము బిగించుట. దానికి భిన్నముగా 2020లో కరోనా వ్యాధి వ్యాపించి ఒక్క వారమున 60 లక్షలకు పైగా అమెరికను పనివారు భృతికి దరఖాస్తు పెట్టినప్పుడు, ఆ దేశము కొన్ని నెలలు వారమునకు 600 డాలర్లు అదనముగా ఇచ్చినది. పని పోయిన కుటుంబముల కొనుగోళ్లు తగ్గుటకు బదులు పెరిగినవి. కాని అచ్చటి పాత యంత్రాంగము ఆ వెల్లువకు తట్టుకొనలేక అనేకులకు చెల్లింపులు ఆలస్యమైనవి. మంచి దినములలో తూము బాగుచేయని చెరువు అవసరము వచ్చినప్పుడు పారదని ఇందువలన తెలియుచున్నది.

మూడవ ఫలితము యజమానుల మీద కలుగును. పని తగ్గగానే మనుష్యులను పంపివేసి, వారి పోషణ భారమును ఉమ్మడి నిధి మీదకు నెట్టు యజమాని, ఎవ్వరిని తొలగించక ఓర్చుకొను యజమాని చందాను తినుచున్నట్లే. దీనికి అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రము 1932 నాటి చట్టములో ఒక ఉపాయము పన్నినది. 1935 నాటి సాంఘిక భద్రతా చట్టము తరువాత అది దేశమంతటను వ్యాపించినది. ఎక్కువ మందిని తొలగించు సంస్థకు చందా రేటు పెరుగును. నిలుకడగా పని ఇచ్చు సంస్థకు తగ్గును. ఇందులో ఒక చిక్కు కూడ గలదు. చందా పెరుగునను భయముచే కొందరు యజమానులు తొలగించినవాని దరఖాస్తునకే అడ్డుపడుదురు. జర్మనీ మరియొక ఉపాయము అనుసరించినది. పని తగ్గినప్పుడు మనుష్యులను తగ్గింపక పని గంటలను తగ్గింతురు. పోయిన గంటల జీతములో కొంత బీమా నిధి ఇచ్చును. 2009 మాంద్యములో 14 లక్షలకు పైగా పనివారు ఒక దశలో ఈ ఏర్పాటుపై తమ తమ కర్మాగారములలోనే నిలిచియుండిరి. గిరాకి మరల వచ్చినప్పుడు వారికి పని నేర్పవలసిన అవసరము లేకపోయెను. కాని తిరిగి లేవని పరిశ్రమకు ఈ మందు పనిచేయదు. పోవలసిన పనిని పట్టుకొని వ్రేలాడుట మాత్రమే అగును.

బ్రిటను తన పొరపాటును 1934లో సరిదిద్దుకొన్నది. ఆ సంవత్సరపు చట్టము రెండు భాగములుగా నున్నది. మొదటిది చందాలు కట్టినవారికి 26 వారములవరకు హక్కుగా ఇచ్చు బీమా. రెండవది, ఆ గడువు దాటినవారికి సర్వజనుల పన్నులనుండి, వేరొక బోర్డు ద్వారా ఇచ్చు సహాయము. 1931లో తగ్గించిన రేట్లు కూడ ఆ సంవత్సరమే పూర్వస్థితికి వచ్చినవి. 1936లో వ్యవసాయ కార్మికులకు వేరు ఖాతా తెరచి, తక్కువ చందాలతో బీమా కల్పించిరి. మేము ఈ కథలో ప్రధానముగా చూచునది ఇదియే. బీమా స్వల్పకాలపు ఖాళీకి తగిన పాత్ర. ఏండ్ల తరబడి నిలుచు నిరుద్యోగమును దానిలో పోసినచో పాత్ర పగులును. పగిలిన పిమ్మట నింద పని లేనివాని మీద పడును. దీర్ఘకాలపు కష్టమునకు పన్నుల సొమ్ము, కొత్త పరిశ్రమ, కొత్త విద్య కావలెను. ఆ ఖర్చు దాచుకొనుటకు బీమా నిధిని చాటు చేయరాదు.

ఇక మన దేశము మాట. 1944లో ఆచార్య అదార్కర్ సమర్పించిన నివేదిక ఆధారముగా 1948లో ఎంప్లాయీస్ స్టేట్ ఇన్సూరెన్సు చట్టము వచ్చినది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో అమలు మొదలైనది. రోగమునకు, ప్రసూతికి, పనిలో తగిలిన దెబ్బకు అందులో రక్షణ గలదు. పని పోవుటకు ఆనాడు లేదు. దానికి బదులు 1953లో పారిశ్రామిక వివాదాల చట్టమును సవరించి, తాత్కాలికముగా పని ఆపినప్పుడు సగము జీతమును, శాశ్వతముగా తొలగించినప్పుడు ఏడాది సర్వీసునకు 15 దినముల జీతమును యజమాని ఇయ్యవలెనని విధించిరి. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలోను ఈ రెండును చోటు చేసికొన్నవి. ఇది మంచిదే, కాని ఇది బీమా కాదు. మిల్లు దివాలా తీసిన దినముననే ఆ మిల్లు పెట్టెనుండి సొమ్ము రావలెను. ఖాళీ అయిన పెట్టె మీద వ్రాసిన హుండీ ఎంతవరకు చెల్లును? పెక్కు సంస్థలు కలసిన నిధి ప్రయోజనము ఇచ్చటనే తెలియును.

అట్టి భృతి మన ఇ.ఎస్.ఐ. నిధినుండి 2005 ఏప్రిల్ 1న మొదలైనది. రాజీవ్ గాంధీ పేరిట ఏర్పడిన ఆ పథకము మూతపడిన కర్మాగారముల పనివారికిని, రిట్రెంచిమెంటు అయినవారికిని సగము జీతము ఇచ్చుటకు ఉద్దేశించినది. 2018 జూలైలో అటల్ పేరిట రెండవ పథకము వచ్చినది. అది మొదట జీతములో నాలుగవ వంతును, 90 దినములు మించకుండ, జీవితమున ఒక్కమారు ఇచ్చుటకు ఏర్పడినది. 2020లో వ్యాధికాలమున ఆ వంతును సగమునకు పెంచి, 90 దినములు ఆగవలసిన నిరీక్షణను 30 దినములకు తగ్గించిరి. మేము ముందు చెప్పిన సూత్రములతో పోల్చి చూడుడు. గడువు గలదు, పాక్షికత గలదు, చందాకు సంబంధము గలదు. కాని మూడు నెలలు ఆగిన తరువాత వచ్చు భృతి గాజులు తాకట్టునకు పోకుండ ఆపలేదు. నిరీక్షణ వారములలో ఉన్నప్పుడు అది నిధికి రక్ష. నెలలలో ఉన్నప్పుడు అది కుటుంబమునకు శిక్ష.

మన పనివారిలో అత్యధికులు ఏ రిజిస్టరులోను పేరు లేనివారు. నాట్లకు, కోతలకు నడుమ పని లేని కూలికి యజమాని ఒక్కడు కాడు. చందా ఎవరు కట్టుదురు? పని పోయినదని ఎవరు వ్రాసి ఇత్తురు? ఇచ్చట భృతికంటె పని హామీయే తగిన సాధనమని మహారాష్ట్రము 1970 దశకముననే గుర్తించినది. దేశమంతటికిని 2005లో చట్టము చేసి, 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆ పథకమును ప్రారంభించిరి. గ్రామీణ కుటుంబమునకు సంవత్సరమునకు 100 దినముల పనిని ఆ చట్టము హామీ ఇచ్చినది. ఎండలో మట్టి త్రవ్వుటకు అవసరము లేనివాడు రాడు. కావున పరీక్ష వేరుగా అక్కరలేదు. అడిగిన 15 దినములలో పని చూపనిచో నిరుద్యోగ భృతి ఇయ్యవలెనని, ఆ భృతి రాష్ట్ర ప్రభుత్వమే భరించవలెనని అందు వ్రాసిరి. తొలగించు యజమానికి విస్కాన్సిన్ పెట్టిన చందా వంటిదే ఈ నిబంధన: పని చూపక ఊరకుండుట ఖరీదు కావలెను.

కావున ఒక్క ఏర్పాటు అందరికిని సరిపోవునని మేము చెప్పము. ఫ్యాక్టరీ పనివానికి బీమా, దీర్ఘకాలము పని లేనివానికి పన్నుల సహాయము, పల్లె కూలికి పని హామీ. మూడును వేర్వేరు పాత్రలు. ఏ పాత్రను గూర్చి మాటలాడినను శ్రోతలు నాలుగు ప్రశ్నలు వేసికొనదగును. ఎంత ఇత్తురు? ఎన్ని దినములకు ఇత్తురు? ఎంత ఆగిన తరువాత ఇత్తురు? ఎవరు చెల్లింతురు? ఈ నాలుగింటికి జవాబు పని పోయిన నాడు కాక, పని ఉన్న నాడే వ్రాసి యుంచవలెను. జీతమునుండి ఇ.ఎస్.ఐ. చందా పోవుచున్న ఇంట, చందా చీటిని, సర్వీసు కాగితములను భద్రపరచుట కూడ అందులో భాగమే. కాగితము లేని హక్కు కౌంటరు వద్ద నిలువదు.

కూర్చుండి తిన్న కొండలు తరుగునన్న సామెతతో మేము విభేదింపము. కాని పని పోయినవాడు కూర్చుండుట లేదు. గుమ్మములు ఎక్కి దిగుచున్నాడు. అతడు అడుగునది కొండ కాదు, మరల తన లేతు యంత్రము ముందు నిలుచువరకు మూడు నెలల గ్రాసము. పనిలో నున్న దినములలో నూటికి అర్ధరూపాయి చొప్పున దానిని తానే పోగుచేసి యుంచినవాడు.